పూలకుండీ కాబోయిన జీపు

జూన్ 4, బుధవారం

కోపం వచ్చినప్పుడు అరవకుండా కాగితం మీద పెట్టమని డాక్టరమ్మ చెప్పింది. బీపీకి మాత్రతో పాటు ఇది కూడా మందేనట. సరే, పెడుతున్నాను.

నా తమ్ముడు ఒట్టి మూర్ఖుడు.

కొంచెం తగ్గింది. ఇంకోసారి రాస్తాను. ఒట్టి మూర్ఖుడు.

నాన్న జీపుని హోటలు వాళ్ళకి ఇచ్చేస్తానని మాటిచ్చి వచ్చాడు. బండి ఇద్దరి పేరు మీదా ఉంది. అయినా నన్నొక్క మాట అడగలేదు. బైపాసు రోడ్డు మీద కొత్తగా కట్టిన హోటలు అది. ముందు తోటలో నిలబెడతారట.

"అది మన వారసత్వం అక్కా. వచ్చినవాళ్ళంతా దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. నీ షెడ్డులో తుప్పు పట్టిపోయే కన్నా నయం కదా?" అన్నాడు. కొత్త కార్ల షోరూములో ఇన్నేళ్ళు అమ్మీ అమ్మీ వాడికి సొంత అక్క కూడా బేరానికి వచ్చిన మనిషిలా కనిపిస్తోంది. అసలు సంగతి మెల్లగా బయటపెట్టాడు. హోటలుకి కావలసిన వ్యాన్లన్నీ వీడి షోరూములోనే తీసుకుంటారట.

"నీ ఇష్టం" అన్నాను.

మా ఆయన లోపలి నుంచి విని, కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చారు. ఆయనకి కళ్ళజోళ్ళ షాపు ఉంది గానీ ఆయన జోడు ఎప్పుడూ మసగ్గానే ఉంటుంది. "నీ ఇష్టం అన్నావా? అయితే బావమరిది పని అయిపోయినట్టే" అన్నారు.

నాకు ఆ బండి మీద మమకారమేమీ లేదు. నా కుట్టు షెడ్డులో సగం చోటు అదే ఆక్రమించింది. లారీ టార్పాలిన్ పరిచి గుర్తులు పెట్టుకోవాలంటే సగం వాకిట్లో పరవాల్సి వస్తోంది. అడగకుండా ఇచ్చాడని కోపం, అంతే.

జూన్ 5, గురువారం

ఈ రోజు కోపం లేదు. రాయడానికేమీ లేదు.

మూర్ఖుడు.

జూన్ 8, ఆదివారం

హోటలు మేనేజరుని వెంటబెట్టుకుని తమ్ముడు వచ్చాడు. నేను మిషను దగ్గర్నుంచి లేవలేదు. లారీ టాపు అంచు మడతేసి కుడుతున్నాను. ఆ మందం గుడ్డని మధ్యలో వదిలేస్తే కుట్టు వంకర పోతుంది మరి.

మేనేజరు బండి చుట్టూ తిరిగాడు. మంచి బట్టలు, మెత్తటి మాట. "చాలా బాగుంది సార్. ఇంజను తీసేస్తాం. అడుగు రేకు కోసేసి మట్టి నింపుతాం. బానెట్టు తెరిచిపెట్టి అందులో పూల మొక్కలు. ఈ లైట్ల గుంటల్లోంచి తీగ పాకిస్తే భలే ఉంటుంది" అన్నాడు.

మిషను ఆగింది. నేనే ఆపాను.

తమ్ముడి మొహం చూశాను. వాడికీ ఈ సంగతి తెలియదు. "డెకరేషను అన్నారు కదా..." అని నీళ్ళు నమిలాడు.

"ఇదే కదండీ డెకరేషను" అన్నాడు మేనేజరు.

తమ్ముడు ఏదో ఒకటి అంటాడని చూశాను. అనలేదు. వెళ్తూ వెళ్తూ మాత్రం బానెట్టు మీద వేలి కణుపులతో టక్ మని కొట్టాడు. అలవాటు. నేనూ అటుగా వెళ్ళినప్పుడల్లా కొడతాను. ఎందుకు కొడుతున్నామో ఇద్దరమూ అనుకోం.

జూన్ 10, మంగళవారం

జీపుకి కొత్త టాపు కుట్టడం మొదలుపెట్టాను. మమకారం కాదు. చిరుగుల టాపుతో పంపిస్తే మా ఇంటి మీద మాట వస్తుంది, కుట్టుపని చేసేదాని బండికే దిక్కులేదా అని. ఆకుపచ్చ కాన్వాసు వాడుతున్నాను. నాన్న ఉన్నప్పటి రంగే. షాపులో అదే ఉంది. (వేరే రంగులు కూడా ఉన్నాయి.)

జూన్ 11, బుధవారం

బండ్లు బాగుచేసే మేస్త్రీని పిలిచాను. వెనక వీధిలో ఆయన షెడ్డు. చేసే పని కన్నా చెప్పే మాటలు ఎక్కువ, కానీ పని కూడా బాగానే చేస్తాడు.

"నా చేతిలో పడ్డాక బండి పరిగెత్తాల్సిందేనమ్మా. ఎక్కడికి పంపిస్తున్నారు?"

"పూల మొక్కలు పెట్టడానికి."

మేస్త్రీ నా మొహం చూశాడు, బండి మొహం చూశాడు. "ఇంజను బాగుచేసి పూలు పెట్టుకుంటారా?"

"తాడు కట్టి ఈడ్చుకుపోతే పరువు పోతుంది. తన కాళ్ళ మీద తాను నడిచి వెళ్ళాలి" అన్నాను.

ఆయన ఇంకేమీ అడగకుండా బానెట్టు ఎత్తాడు. తెలివైనవాడే.

జూన్ 14, శనివారం

ఇంజను పలికింది!

ముందు దగ్గింది, తర్వాత తుమ్మింది. సైలెన్సరులోంచి ఎలుక గూడు మొత్తం ఎగిరొచ్చి మా ఆయన చొక్కా మీద పడింది. మేస్త్రీ అదంతా తన ప్లానే అన్నట్టు నవ్వాడు. నేను షెడ్డులో చప్పట్లు కొట్టాను. ఎవరూ చూడలేదనుకుంటా.

మా ఆయన చొక్కా దులుపుకుంటూ ముందు చక్రం దగ్గర వంగి, "ఈ చక్రానికి కొళాయి ఎందుకే?" అని అడిగారు.

పెళ్ళయి ఇన్నేళ్ళయింది, ఇప్పుడు అడిగారు. చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పాను. మామూలుగా వెనక చక్రాలే బండిని నెడతాయి. ముందువి ఊరికే దొర్లుతాయి. బురదలోనో కొండ మీదో ముందు చక్రాలు కూడా లాగాలంటే లోపల గేరు పక్కనున్న ఎర్ర గుండు కర్ర వేయాలి. దానికి ముందు బయటికి దిగి, ముందు చక్రాలు రెండింటికీ నడిబొడ్డున ఉన్న ఈ బిళ్ళల్ని చేత్తో తిప్పాలి.

"లోపల కూర్చుని తిప్పే వీలు లేదా?"

"లేదు. దిగాల్సిందే."

"ఇదేం బండి! వర్షంలో కూడా దిగాలా?"

వర్షంలోనే కదా దిగేది.

నాన్న పశువుల డాక్టరు. సైన్యం వాడి వదిలేసిన బండ్ల వేలంలో ఈ జీపు కొన్నారు. కొండల మీది పల్లెలకి వేరే ఏ బండీ వెళ్ళేది కాదు. సెలవు రోజుల్లో మమ్మల్నీ తీసుకెళ్ళేవారు. స్టీరింగు వెనక సీటులో నేను, అటు పక్క తమ్ముడు. బురద రాగానే నాన్న బండి ఆపి వెనక్కి తిరిగేవారు కూడా కాదు. మేమిద్దరం చెరో పక్క దూకి చెరో బిళ్ళ తిప్పి బానెట్టు మీద టక్ మని కొట్టేవాళ్ళం. రెండు టక్కులు వినపడితే గానీ బండి కదిలేది కాదు. ఒకసారి వాడు జారి పడి లేవడం ఆలస్యమైందని నేను వెళ్ళి వాడి బిళ్ళ తిప్పబోయాను. నాన్న కిటికీలోంచి తల బయటపెట్టి, "నీ పక్క నువ్వు చూసుకో. వాడి పక్క వాడు చూసుకుంటాడు" అన్నారు. వాడు మొహం నిండా బురదతో లేచి గర్వంగా తిప్పాడు.

ముందు మడ్డుగార్డు మీద సొట్ట ఒక ఎద్దు పొడిచింది. నాన్న చేత కాలికి కట్టు కట్టించుకున్నాక పొడిచింది. కృతజ్ఞత లేని పశువు.

చాలా రాశాను. బీపీకి మంచిదే.

జూన్ 16, సోమవారం

తమ్ముడు ఫోను. ఎవరో చెప్పారట.

"ఇచ్చేసే బండికి ఇంజను ఎందుకక్కా?"

"ఊరికే."

"టాపు కూడా కుడుతున్నావట?"

"గుడ్డ మిగిలింది."

"కొత్త గుడ్డ కొన్నావని బావ చెప్పాడు."

మా ఆయన్ని నమ్మి ఏ సంగతీ చెప్పకూడదు. చెప్పకపోయినా అన్నీ కళ్ళతో చూసి చేరవేస్తారు.

జూన్ 18, బుధవారం

మేస్త్రీ ఒక కబురు తెచ్చాడు. పాతబండ్ల సంఘం వాళ్ళు ఏటా ఊరవతల మూతపడిన రాతి క్వారీలో కలుసుకుంటారట. అక్కడొక ఏటవాలు ఉంది. పాత బండి ఎవరూ నెట్టకుండా పైదాకా ఎక్కితే దాన్ని తమ వారసత్వ బండ్లలో చేర్చుకుని ఒక ఇత్తడి బిళ్ళ ఇస్తారట. ఎక్కలేనిదాన్ని చేర్చుకోరు. "కదలని బండి ఫొటోతో సమానం అంటారమ్మా వాళ్ళు" అన్నాడు.

ఆ మాట నాకు బాగా నచ్చింది. సాయంత్రం తమ్ముడి షోరూముకి వెళ్ళి చెప్పాను.

అద్దాల గోడలు, చల్లటి గాలి, కాలు పెడితే జారే నేల. వాడు ఒక పెద్ద బండి తలుపు తీసి చూపించాడు. "చూడు, ఒక్క బొత్తాం. నొక్కితే నాలుగు చక్రాలూ లాగుతాయి. కాలం మారిందక్కా. ఆ జీపు ఇప్పుడు మా ఆఫీసు మెట్లు కూడా ఎక్కదు."

"ఎక్కితే?"

"ఎక్కదు."

"ఎక్కితే ఏం చేస్తావో చెప్పు."

వాడు చుట్టూ చూసుకుని గొంతు తగ్గించాడు. "ఎక్కితే హోటలు వాళ్ళకి నేనే ఇవ్వనని చెప్తాను. బండి మనింట్లోనే ఉంటుంది. ఎక్కకపోతే మళ్ళీ నోరెత్తకూడదు. పూలకుండీయే."

"సరే" అన్నాను. ఒంటికాలి మీద లేచి వెళ్ళినదాన్ని రెండు కాళ్ళ మీద తిరిగొచ్చాను. వాడు వ్యాన్ల బేరం పోగొట్టుకోడని నాకు తెలుసు. నేను నోరు మూసుకోనని వాడికీ తెలుసు.

జూన్ 20, శుక్రవారం

తోలడం నేర్చుకుంటున్నాను. కారు వచ్చు కదా అనుకున్నాను. అదీ ఇదీ ఒకటి కాదు. స్టీరింగు తిప్పడమంటే తడిసిన దుప్పటి పిండడమే. భుజాలు పట్టేశాయి. మహా ఆనందంగా ఉంది.

జూన్ 23, సోమవారం

వర్షాలు మొదలయ్యాయి. మేస్త్రీ నన్ను చెత్త దిబ్బ పక్క బురదలోకి తీసుకెళ్ళాడు. ఆయనే దిగి రెండు చక్రాల బిళ్ళలూ తిప్పి వచ్చి కూర్చున్నాడు. నేను ఎర్ర గుండు కర్ర వేశాను. తర్వాత పసుపు గుండు కర్ర, అది వేస్తే బండి నత్తలా వెళ్తుంది గానీ గోడనైనా లాగుతుంది. నాలుగు చక్రాలూ పట్టుకున్నాయి. దున్నుకుంటూ వచ్చేశాం.

"నా ట్రైనింగు అలాంటిదమ్మా" అన్నాడు మేస్త్రీ. దిగుతూ బురదలో చెప్పు పోగొట్టుకున్నాడు.

జూన్ 27, శుక్రవారం

సంఘం వాళ్ళ నిబంధన ఒకటి తెలిసింది. బండిలో సొంతదారులు మాత్రమే ఉండాలి, అందరూ ఉండాలి. అంటే నేనూ తమ్ముడూ. మేస్త్రీ జనాన్ని ఆపే తాడుకి ఇవతలే నిలబడాలి.

తమ్ముడికి చెప్తే, "నేనెందుకు? నేను ఓడిపోవాలని కూర్చునేవాణ్ణి" అన్నాడు.

"బరువుకి పనికొస్తావులే" అన్నాను.

జూన్ 28, శనివారం

టాపు బిగించాను. రింగులన్నీ సరిపోయాయి. ఆకుపచ్చ టాపు కింద బండి నాన్న రేపు బయల్దేరతారేమో అన్నట్టు ఉంది. స్టీరింగు ముందు కాసేపు కూర్చున్నాను. రేపు ఎక్కకపోతే దీని పొట్టలో మట్టి నింపుతారు.

నాకు మమకారమేమీ లేదు. భయంగా ఉంది, అంతే.

జూన్ 29, ఆదివారం

వరుసగా రాస్తాను, లేకపోతే అన్నీ ఒకేసారి వచ్చేస్తున్నాయి.

క్వారీ నిండా పాత బండ్లు. తుడిచినవి, మెరిసేవి, కొన్ని మా దానికన్నా పెద్దవి. జెండా పట్టుకున్న పెద్దాయన నిబంధనలు చదివాడు. మధ్యలో ఆగొచ్చు, వెనక్కి జారకూడదు, బయటివాళ్ళు తాకకూడదు. ఏటవాలంతా పచ్చి బురద. మాకన్నా ముందు వెళ్ళిన రెండు బండ్లు ఎక్కాయి, ఒకటి జారింది.

తమ్ముడు తెల్ల చొక్కా, పాలిష్ చేసిన బూట్లతో వచ్చాడు. హోటలు మేనేజరు కూడా గొడుగు పట్టుకుని వచ్చి తాడు దగ్గర నిలబడ్డాడు. మా ఆయన ఆయనకి బిస్కెట్లు పెడుతున్నారు. ఎవరి పక్షమో నాకు అర్థం కాలేదు.

మా వంతు వచ్చింది. దిగి నా పక్క చక్రం బిళ్ళ తిప్పాను. బానెట్టు మీద టక్ మని కొట్టి ఎక్కి కూర్చున్నాను. ఎర్ర గుండు, పసుపు గుండు. జెండా ఊగింది.

సగం దాకా బాగానే వెళ్ళింది. సగం దగ్గర వెనక చక్రాలు తిరగడం మొదలుపెట్టాయి. బురద రెండు పక్కలా ఎగిరింది. ఎంత తొక్కినా అక్కడే కొట్టుకుంటోంది. కాస్త జారబోయేసరికి బ్రేకు మీద రెండు కాళ్ళూ పెట్టి నిలబడ్డాను. చేతి బ్రేకుని మేస్త్రీయే నమ్మవద్దన్నాడు. ఇక నేను కాలు తీయడానికి లేదు.

కింద మేస్త్రీ గెంతుతూ చేత్తో గాలిలో ఏదో తిప్పుతున్నాడు. స్టీరింగు తిప్పమంటున్నాడేమో అని ఇటు తిప్పాను. ఆయన తల కొట్టుకున్నాడు. అటు తిప్పాను. ఇంకా గట్టిగా కొట్టుకున్నాడు. పక్కన మా ఆయన కూడా అదే పని, వేళ్ళు దగ్గర పెట్టి తిప్పుతున్నారు, కొళాయి కట్టేస్తున్నట్టు.

కొళాయి!

"ఒరేయ్, నీ పక్క బిళ్ళ తిప్పావా?"

"ఏ బిళ్ళ? నువ్వు వేయలేదా?"

"నీ పక్క నేనెందుకు వేస్తాను?"

అనేశాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బురదలో ప్రాక్టీసు చేసినప్పుడు రెండూ మేస్త్రీయే తిప్పాడు. ఇవాళ దిగి నా పక్క తిప్పాను గానీ, అటు వెళ్ళాలన్న ఆలోచనే నా తలలోకి రాలేదు. చిన్నప్పుడూ వెళ్ళలేదు కదా. వాడేమో బొత్తాం బండ్లు అమ్మీ అమ్మీ దిగాలన్న సంగతే మర్చిపోయాడు. ఒక్క పక్క వేస్తే వేయనట్టే. ముందు ఇరుసు బలమంతా వేయని పక్క లోపల ఊరికే తిరిగిపోతుంది, చక్రానికి అందదు.

పెద్దాయన జెండా కొంచెం కిందికి దించాడు. పూర్తిగా దించితే మా పని అయిపోయినట్టే.

వాడు కదలకుండా కూర్చుంటే చాలు. వాడు గెలుస్తాడు. వ్యాన్లు అమ్ముడవుతాయి. తప్పు వాడిదని ఎవరూ అనరు, నేను కూడా పైకి అనలేను. వాడు కింద గొడుగు వైపు చూశాడు. తన బూట్ల వైపు చూసుకున్నాడు. నోరు విప్పితే బతిమాలతానని భయం వేసింది, వాణ్ణి బతిమాలి గెలవడం నాకు ఇష్టం లేదు.

"బ్రేకు గట్టిగా తొక్కు" అన్నాడు.

దిగాడు. దిగీ దిగగానే మోకాలి దాకా దిగబడ్డాడు. చక్రం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నాకు వాడి తల కూడా కనపడలేదు. బిళ్ళ బురదతో బిగుసుకుపోయినట్టుంది, ఏదో తిట్టుకుంటున్నాడు. ఇంజను వణుకుతోంది. అద్దం మీద చినుకులు పడుతున్నాయి.

టక్.

బానెట్టు మీద, అటు పక్క.

నాకు కళ్ళు కనపడలేదు కాసేపు. వాడు ఎక్కి, తెల్ల చొక్కా అనే మాట ఇక పనికిరాని చొక్కాతో కూర్చుని, "పోనీ అక్కా, పోనీ!" అని అరిచాడు. మెల్లగా వదిలాను. ముందు చక్రాలు బురదని పట్టుకుని లాగాయి. బండి ముక్కు పైకి లేచింది. నత్త నడకే. కానీ ఆగలేదు. ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు, ఆ తర్వాత నేల కనపడింది, పైన ఉన్నాం.

ఏడ్చాను. కాగితం మీద పెట్టమన్నారు కనక పెడుతున్నాను. వాడు కూడా ఏడ్చాడు గానీ వాన అన్నాడు. వాన అప్పటికే ఆగిపోయింది.

జూన్ 30, సోమవారం

ఒళ్ళంతా నొప్పులు. తమ్ముడు మంచివాడు.

జూలై 3, గురువారం

ఇత్తడి బిళ్ళ బిగించడానికి మేస్త్రీ వచ్చాడు. వంకరగా బిగించాడు. "కొంచెం వంకరగా ఉంటేనే పాతదనం కనపడుతుందమ్మా" అన్నాడు. క్వారీలో తన ట్రైనింగు వల్లే ఎక్కిందని వీధంతా చెప్పుకుంటున్నాడట. చెప్పుకోనీ.

తమ్ముడు హోటలుకి వెళ్ళి ఇవ్వనని చెప్పి వచ్చాడు. వ్యాన్లు వేరే షోరూములో తీసుకున్నారట. ఆ మాట వాడు మామూలుగానే చెప్పాడు. వాడికి అన్నం వడ్డిస్తున్న నేను గరిటె కింద పెట్టాను. "మూర్ఖుడా, ఎందుకు దిగావురా?" అన్నాను.

"నా పక్క నేను కాక ఎవరు దిగుతారు?" అని ఇంకాస్త పెట్టించుకున్నాడు.

మధ్యాహ్నం వాడి సీటుకి కొత్త కవరు కుట్టాను. నా సీటు తర్వాత.

జూలై 6, ఆదివారం

ఊరికే ఒక చుట్టు తిరిగొద్దామని బయల్దేరాం. మా ఆయన వెనక సీటులో బిస్కెట్ల డబ్బాతో సర్దుకున్నారు. ఎండ బాగా కాస్తోంది. ముందున్నది నున్నటి తారు రోడ్డు. చక్రాల బిళ్ళలతో పనే లేదు, తిప్పితే మేస్త్రీ తిడతాడు కూడా.

అయినా నేను దిగాను. దేన్నీ ముట్టుకోలేదు. నా పక్క బానెట్టు మీద టక్ మని కొట్టి ఎక్కి కూర్చున్నాను. తమ్ముడు ఫోనులో మాట్లాడుతూ వాకిట్లో నిలబడ్డాడు. మా ఆయన రెండుసార్లు గడియారం చూసుకుని, "ఇంకా ఎందుకు ఆగావు? ఇంజను వేసే ఉందిగా" అన్నారు.

"ఉండండి" అన్నాను.

వాడు ఫోను జేబులో పెట్టుకుని అటు పక్కకి వచ్చాడు. వాడు కొట్టేదాకా నేను గేరు వేయలేదు.

నాకు ఈ బండి మీద చాలా మమకారం ఉంది.